గొంగడి ముక్క

పుష్యమాసం రాగానే మా పాత ఆదిలాబాద్ జిల్లా ఊళ్ల పేర్లు వార్తల్లో వినబడతాయి. సిర్పూర్ (యు), గిన్నెధరి అంటూ ఒక్కో ఊరి పేరు చెప్పి డిగ్రీలు చదువుతారు. ఐదుకు పడిపోయింది, ఇంకా కిందికి పోయింది అంటారు. గోండిలో మేము చలిని పీని అంటాం. డిగ్రీల లెక్క మాకు బడికి వెళ్లాక తెలిసింది. అంతకుముందు పీని ఎంత ఉందో మా కాలివేళ్లే చెప్పేవి.

మా గూడెం నుంచి హైస్కూలుకు 9 కిలోమీటర్లు. బస్సు లేదు. ఆరుగురం, నాలుగు సైకిళ్లు. పదో తరగతి స్పెషల్ క్లాసులు ఎనిమిదింటికే మొదలు. పొద్దుగాల ఆరున్నరకు, మంచులో ముందు సైకిల్ కూడా సరిగ్గా కనబడని వేళ బయలుదేరేవాళ్లం. మధ్యలో వాగు. పుష్యమాసంలో మోకాలి కిందికే నీళ్లుంటాయి. చెప్పులు చేత పట్టుకొని, సైకిల్ తోసుకుంటూ దాటేవాళ్లం. అవతలి గట్టున ఆ తడి కాళ్లతోనే మళ్లీ సైకిల్ ఎక్కేవాళ్లం.

అక్కడినుంచే అసలు బాధ. నడిచేవాడికి గాలి లేని రోజు కూడా సైకిల్ తొక్కేవాడికి ఎదురుగాలే. మాది పాత సైకిల్, పెడల్ రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. అరిగిపోయిన చెప్పులోంచి ఇనుప కడ్డీ చల్లదనం నేరుగా అరికాలికి ఎక్కేది. క్యారియర్ మీద కూర్చున్నవాళ్ల గతి ఇంకా అన్యాయం. తొక్కేవాడి ఒళ్లయినా కొంచెం వేడెక్కుతుంది, వీళ్ల కాళ్లు ఊరికే వేలాడుతుంటాయి. బడి కనబడేసరికి వేళ్లు ఉన్నాయో లేదో తెలిసేది కాదు.

మాలో పెద్దవాడు ఒకరోజు బడి గోడ పక్కన వాచ్‌మన్ వేసిన నెగడు దగ్గర కూర్చున్నాడు. మొద్దుబారిన పాదాలను మంట దగ్గరికి చాపాడు. వేడి తగలడం లేదని ఇంకా దగ్గరికి జరిపాడు. చర్మం కాలుతున్న సంగతి ముందు మాకు వాసనతో తెలిసింది, తర్వాత వాడికి తెలిసింది. రెండు అరికాళ్లూ బొబ్బలెక్కాయి. మూడు వారాలు మంచం దిగలేదు. తర్వాత పత్తి ఏరే పనులొచ్చాయి, తర్వాత పరీక్ష ఫీజు గడువు దాటింది. వాడు మళ్లీ బడికి రాలేదు. లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు.

ఆ మర్నాడు మేము ఆలస్యంగా వెళ్లాం. దారిలో రెండుసార్లు ఆగి కాళ్లు రుద్దుకున్నామని చెప్పాం. ఒక సారు నవ్వాడు. "అడవిలో పుట్టినోళ్లు, మీకు చలి అలవాటే గదా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఏం జవాబివ్వాలో తోచలేదు. బయట నిలబడ్డాం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట మాకు గుర్తుంది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాం. మా తాత మెస్రం వంశం. కేస్లాపూర్ నాగోబా పూజకు గోదావరి నీళ్ల కోసం జన్నారం దగ్గరి హస్తినమడుగుకు వట్టి కాళ్లతో నడిచి వెళ్లొచ్చినవాడు. పుష్య అమావాస్య పూజ కాబట్టి ఆ నడక కూడా చలిలోనే. తాతకు లేని చలి మాకెందుకని మాలో ఒకడు అడిగాడు కూడా. అవ్వ కోప్పడింది. "తాత దేవుని కోసం చెప్పులు ఇడిసి నడిచిండు. మీరు లేక నడుస్తున్నరు. రెండూ ఒకటేనా? ఆయన నడిచిండు బిడ్డా, నడిచినోని కాలుకు నెత్తురు అందుతది. మీరు గాలిల కాళ్లు చాపుకొని పోతున్నరు" అంది.

ఆ రాత్రి అవ్వ తాత గొంగడి తీసింది. తాత పోయాక దాన్ని ఎవరూ కప్పుకోలేదు. ఒక మూల చిరిగి ఉంది. చిరగని వైపు నుంచే కొడవలితో కోసింది. మా పాదాలు దాని మీద పెట్టించి, బొగ్గుతో గీత గీసి, ఐదు జతలు తీసింది. ఆరో జత కూడా కోసింది. అది ఎవరికని మేము అడగలేదు, మంచంలో ఉన్నవాడికని తెలుసు.

అంతకుముందు మేము మా చేని పత్తినే బూట్లలో కుక్కి చూశాం. పొడిగా ఉన్నంతసేపు బాగానే ఉండేది. మంచుకు, చెమటకు తడిసిందంటే అదే చల్లటి గుడ్డ. ఉన్ని అట్లా కాదు, కొంచెం చెమ్మగిల్లినా వెచ్చదనం పూర్తిగా పోదు. ఊరంతా పత్తి పండిస్తూ, కాళ్లకు పత్తి పనికిరాదని తెలుసుకోవడానికి మాకు ఒక చలికాలం పట్టింది.

మిగతావి ఒక్కొక్కటిగా నేర్చుకున్నాం. సంతలో పాత బూట్లు కొనేటప్పుడు ఒక సైజు పెద్దవి తీసుకోవాలి. బిగుతు బూట్లలో రెండు సాక్సులు తొడిగితే నెత్తురు ఆగి చలి ఇంకా పెరుగుతుంది. బూటులో వేళ్లు ఆడాలి. వాగు దాటేదాకా సాక్సులు సంచిలోనే ఉండాలి. అవతలి గట్టున పొడి గుడ్డతో వేళ్ల సందులు కూడా తుడిచి అప్పుడు తొడగాలి. సాక్సు మీద కిరాణా కవరు చుట్టి బూటు వేస్తే గాలి దూరదు. లోపల చెమట పడుతుంది కాబట్టి బడికి చేరగానే తీసేయాలి. పెడల్‌కు పాత ట్యూబు ముక్క చుడితే ఇనుము తగలదు, కాలు కూడా జారదు. చెవులకు తువ్వాలు, ఛాతీకి ఇంకో అంగీ ఉండాలి. ఒంటికి చలి పుడితే నెత్తురు కడుపును, గుండెను కాపాడుకోవడానికి లోపలే ఉండిపోతుంది, కాళ్లకు తక్కువ పోతుంది. వేళ్లు మొద్దుబారితే దిగి, సైకిల్ తోసుకుంటూ కాసేపు నడవాలి. క్యారియర్ మీదివాళ్లు వంతు మార్చుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాకు ఆలస్యంగా తెలిసింది. మొద్దుబారిన కాలును మంట దగ్గర పెట్టకూడదు. ముందు తడి బూట్లు, సాక్సులు విప్పాలి. పొడి గుడ్డ చుట్టాలి, లేదా గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి. ఆ నీళ్ల వేడిని వేరేవాళ్ల చెయ్యి చూడాలి. చలికి చచ్చుబడిన కాలు వేడి సంగతి చెప్పలేదు.

ఇప్పుడు మాలో ఇద్దరం టీచర్లం, ఒకరు ఆశా కార్యకర్త. పెద్దవాడు గూడెంలోనే ఉన్నాడు, మేకలున్నాయి, అరికాలి మచ్చలూ ఉన్నాయి. వాడి కూతురు ఈ ఏడు హైస్కూలుకు సైకిల్ మీద పోతోంది. పుష్యమాసానికి నెల ముందే వాడు మా ఇంటికొచ్చి, గొంగడి ముక్క మిగిలిందా అని అడిగాడు. తాత గొంగడి ఎప్పుడో అయిపోయింది. సంతలో పాతది ఒకటి దొరికితే తెచ్చాం. కొలత తీసి కోసింది వాడే.

మా క్లాసుల్లో చలికాలం పొద్దున హాజరు తర్వాత తీస్తాం. ముందు పిల్లల్ని బూట్లు విప్పమంటాం. ఆలస్యంగా వచ్చినవాళ్లను బయట నిలబెట్టం, వాళ్ల కాళ్లే ముందు చూస్తాం. అలవాటైపోయింది సారూ, ఏం కాదు అని పిల్లలే అంటారు. ఆ మాట వాళ్లకు ఎవరు నేర్పారో మాకు తెలుసు. అయినా చూపించమనే అంటాం.