పడిపోయే మీట చెప్పే మాట

చలికాలంలో తెల్లవారుజామున ఇంట్లో అందరికన్నా ముందు నిద్రలేచేది గీజరే. దాని ఎర్రదీపం వెలిగిందంటే ఇక వరస మొదలు... స్నానాలు, పూజ, పిల్లల స్కూలు, ఆఫీసు. అది మొరాయిస్తే ఇల్లంతా ఆలస్యమే!

రెండేళ్ల కిందట డిసెంబరులో మా ఇంట్లో అదే జరిగింది. గీజరు స్విచ్ వేసిన అయిదారు నిమిషాలకు 'టప్'మని శబ్దం. ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు... అన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. బోర్డు తెరిచి చూస్తే వెడల్పాటి మీట ఒకటి కిందికి పడి ఉండేది. లేపితే కరెంటు వచ్చేది. గీజరు వేస్తే మళ్లీ టప్!

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ''నీళ్లు వేడెక్కుతున్నాయంటే గీజరు బాగున్నట్టే కదా సార్. ఈ ఆర్‌సీసీబీయే ఊరికే పడిపోతోంది. దీన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తా. రెండు నిమిషాల పని'' అన్నాడు.

నేనేదో అనేలోపే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. ''దొంగొచ్చాడని కుక్క మొరిగితే కుక్క నోరు కట్టేస్తామా నాయనా? ఎందుకు పడుతోందో చూడు ముందు.''

చూడటం తన పని కాదన్నట్టు వెళ్లిపోయాడాయన. దాంతో విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన పక్కవీధి పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన స్క్రూడ్రైవర్ తియ్యలేదు. ప్రశ్నలే వేశారు. పడేది చిన్న మీటా, 'టి' బటన్ ఉన్న పెద్ద మీటా? వేసిన వెంటనేనా, వేడెక్కాకా?

ఆ రెండు మీటలూ ఒకటి కాదని నాకు అర్థమయ్యేలా చెప్పారు. చిన్నది ఎంసీబీ. వైరు మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు లాగినా, షార్ట్ సర్క్యూట్ అయినా పడుతుంది. అది కాపాడేది వైర్లని. పెద్దది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని లెక్క చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు వచ్చేలోపే పడిపోతుంది. అది కాపాడేది మనుషుల్ని. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. అందులో మూడు వందలో వంతు పక్కదారి పట్టినా ఎంసీబీకి తెలియనే తెలియదు. మనిషి గుండె లయ తప్పడానికి మాత్రం అంతకాస్త చాలు!

''ఇవాళ్టికి గీజరు ప్లగ్గు పీకి ఉంచండి. స్విచ్ ఆపితే సరిపోదు'' అన్నారు. స్విచ్ ఫేజుని మాత్రమే ఆపుతుందట. న్యూట్రల్ వైపు లీకేజీ ఉంటే, స్విచ్ ఆపినా మీట పడొచ్చట. ప్లగ్గు తీసేశాక రోజంతా మీట పడలేదు. అంటే ఇంట్లో వైరింగు మంచిదే, తప్పు గీజరులోనే.

మర్నాడు మెగ్గర్ తెచ్చి, పీకిన ప్లగ్గు పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య నిరోధం చూశారు. లక్షల ఓములు చూపించాల్సిన చోట కొన్ని వేలే చూపించింది. గీజరు విప్పితే ఎలిమెంటు మీద సున్నంలా తెల్లటి పెచ్చులు. బోరు నీళ్ల పుణ్యం! ఆ పొర కింద వేడి బయటికి పోలేక రాగిగొట్టం సన్నగా చిట్లింది. గొట్టంలో నిక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. ఆ పొడి తడిస్తే కరెంటుని ఆపలేదు. వేడెక్కేకొద్దీ ఇంకా బలహీనపడుతుంది. మీట అయిదు నిమిషాలు ఆగి పడింది అందుకే. తీగ తెగలేదు కాబట్టి నీళ్లూ వేడెక్కాయి!

ఎలిమెంటు, రబ్బరు వాషరు మార్చారు. ఎర్తింగ్ సరిచూశారు. వెళ్తూ అడిగారు... ''మీ ఇంట్లో ముందు స్నానం చేసేదెవరు?''

అమ్మే. అయిదింటికి, తడినేల మీద నిలబడి, ఇనుప కుళాయి పట్టుకుని. ఆ మీటని తప్పించేసి ఉంటే, ఎర్త్ వైరు ఏ రోజైనా వదులైతే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

మీ ఇంట్లోనూ మీట పడుతుంటే మాటిమాటికీ లేపకండి. ప్లగ్గు తీసి, తెలిసినవాళ్లకి చూపించండి. పెద్ద ఎంసీబీ వేస్తే సరిపోతుందనే సలహా వినకండి. అది వైర్లు కాలడానికి దారి. ఉప్పునీళ్లయితే ఏడాదికోసారి గీజరు విప్పించి శుభ్రం చేయించండి. స్నానానికి వెళ్లేముందు స్విచ్ ఆపేయండి. నెలకోసారి ఆ 'టి' బటన్ నొక్కండి. టప్‌మని పడిందా... సంతోషించండి. పడకపోతేనే భయపడాలి!