ఊట దగ్గర ఒక శనివారం



ఈ మార్చిలో మళ్ళీ సేవాదినం చేద్దామని గ్రూపులో అడుగుతున్నారు కాబట్టి, కిందటేడు పాచిపెంట కొండ మీద మా ఊళ్ళో ఎలా జరిగిందో రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఆలోచన మాది కాదు. సెవెంత్ డే అడ్వెంటిస్టు చర్చి వాళ్ళు 2013 మార్చి 16న గ్లోబల్ యూత్ డే అని మొదలుపెట్టేరు. నూజివీడులో గిఫర్డ్ ఆసుపత్రి ఉంది చూడండి, ఆ చర్చి వాళ్ళే. ఏటా మార్చిలో ఒక శనివారం, చాలా దేశాల్లో వాళ్ళ యువత బయటికెళ్ళి ఎవరికో ఒకరికి పని చేసిపెడతారు. ప్రసంగం వినేసి ఊరుకోకండి, మీరే ప్రసంగం అవ్వండి అని దాని సారం. మేము లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు ఇళ్ళ పిల్లలం. మాలో కొందరు ఏ చర్చికీ వెళ్ళరు. మంచి మాట ఎవరిదైతే ఏం!

పట్నంలో ఈ రోజు ఎలా చేస్తారో ఫోన్లలో చూసేం. ఒకే రంగు టీషర్టులు, ఆసుపత్రిలో పళ్ళ పంపకం, వీధి ఊడవడం. మా ఊళ్ళో ఊడుద్దామంటే రోడ్డు లేదు. రోగికి పళ్ళు ఇద్దామంటే, ముందు ఆ రోగిని డోలీ కట్టి కిందికి దించాలి. అందుకని ఏం పని చెయ్యాలో ఊరినే అడిగేం.

ఒక తాత నవ్వేడు. "చేస్తారు బాగుంది, ఆ పూట ఊళ్ళో ఎవరుంటార్రా?" నిజమే. మార్చి అంటే ఇప్పపూల కాలం. చీకటితో వెళ్ళి ఏరుకోకపోతే పశువులు తినేస్తాయి. చింతపండు కొట్టడం, జీడిపిక్కలు ఏరడం కూడా అప్పుడే. టెన్త్ పిల్లలకి పరీక్షలు. ప్రపంచం పెట్టుకున్న తేదీ మన కొండకి కుదరాలని లేదు కదా. పది దాటేక మొదలెడదాం, పరీక్షలున్నవాళ్ళని పిలవొద్దు అనుకున్నాం.

పని ఏదో ఆడవాళ్ళు చెప్పేరు. ఊట. ఎండలు ముదిరేసరికి చలమలో నీళ్ళు అడుగుకి పోతాయి, చెంబుతో తోడుకోవాలి. బిందె నిండేవరకూ వంతు కోసం కూర్చోవాలి. పైనుంచి పశువులు దిగి తొక్కేస్తాయి.

ఇక్కడే గొడవొచ్చింది. ఊట పక్కన పెద్దలు మొక్కే రాయి ఉంది. చర్చికెళ్ళేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు, అక్కడ మనం పని చెయ్యడమేంటన్నారు. అటువైపు పెద్దలకేమో, వీళ్ళు ఊట బాగుచేసి రేపు చర్చి బోర్డు పాతుతారని అనుమానం. రెండు రాత్రులు మాట్లాడేం. చివరికి ఒక అక్క, "నీళ్ళు తాగినప్పుడు లేని మతం బురద తీసినప్పుడు వచ్చిందా?" అంది. బేనరు వద్దు, బోర్డు వద్దు, రాయి జోలికి ఎవరూ పోవద్దు, పని ముందు ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవచ్చు అని తేలింది.

ఈ అనుమానాలు ఊరికే పుట్టలేదు. మతం మారినవాళ్ళని ఎస్టీ జాబితాలోంచి తీసెయ్యాలని డీలిస్టింగ్ ప్రచారం నడుస్తోంది. తమ్ముళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి: 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది. రెండూ కలిపేసి మనోళ్ళని భయపెడుతున్నారు. చర్చికెళ్ళే కొండదొర, వెళ్ళని కొండదొర ఒకే చలమ నీళ్ళు తాగుతున్నారని మేం కళ్ళారా చూస్తున్నాం.

పని విషయానికొస్తే, మధ్యాహ్నం దాకా బురద తీసేం. గెడ్డలోంచి రాళ్ళు మోసి చుట్టూ పేర్చేం. పశువులకి కిందన వేరే గుంత తవ్వేం, మిగిలిన నీరు అందులోకి పోయేటట్టు. ముళ్ళకంప కట్టేం. రాళ్ళు ఎలా పేరిస్తే జారవో మాకు తెలీదు, రాయి మొక్కే పెద్దాయనే దిగి చూపించేడు. అంబలి ఎవరింటినుంచి వచ్చిందో కూడా లెక్క లేదు. ఫొటోలు నాలుగే ఉన్నాయి, అవీ బురద ముఖాలతో.

సాలూరులో లెప్రసీ మిషన్ వాళ్ళ ఫిలడెల్ఫియా ఆసుపత్రి మనందరికీ తెలుసు. కుష్ఠు రోగుల పుళ్ళు కడిగి కట్టుకట్టడం ఒక్క శనివారంతో అయ్యే పనా? మన ఊటా అంతే. వానలకి మట్టి మళ్ళీ దిగింది, దసరా సెలవుల్లో ఇంకోసారి తీసేం. ఆ రోజు ప్రపంచంలో ఎవరూ సేవాదినం చెయ్యలేదు, మేం పదకొండుమందిమే.

ఈసారి పక్క ఊరి వాళ్ళు డోలీ దారి అడుగుతున్నారు. వాగు దగ్గర మెట్టు కోసుకుపోయి, మోసేవాళ్ళ కాళ్ళు జారుతున్నాయట. ఏ రోజన్నది అక్కడి పెద్దలు చెప్తారు, శనివారమే కానక్కర్లేదు. హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు వార్డెన్‌కి ముందే చెప్పి అనుమతి తీసుకోండి. మా దగ్గర గునపాలు రెండే ఉన్నాయి, పార ఒకటి. ఉన్నవాళ్ళు తెండి.