దొరకిన పళ్లెము

నా తప్పిదమొకటి మీ ముందర ఒప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట, కోతకాలపు పండుగకు ముందు, బుచ్చిరెడ్డిపాలెము దగ్గర మా సంఘములో కానుకల ఇత్తడి పళ్లెము కనబడలేదు. కాలువగట్టున ఎరుకల కుటుంబమొకటి గుడిసె వేసికొని తట్టలు అల్లుచుండెను. "ఇంకెవరు తీస్తారు?" అని అందరు అనిరి. సంఘపెద్దనైన నేనే ఠాణాకు పోయి, వారిమీద అనుమానమని చెప్పితిని. ఆ యింటి చిన్నవానిని తీసికొనిపోయి రెండు రాత్రులు ఉంచిరి.

మూడవనాడు మా సంఘపు పెద్దమ్మ ఒకామె ఊరినుండి తిరిగివచ్చెను. పండుగకని పళ్లెమును చింతపండుతో తోమి, తన పెట్టెలో భద్రపరచి చుట్టాలింటికి పోయెనట! నేను పరుగున పోయి పిల్లవానిని విడిపించితిని. అతని తల్లి నన్ను తిట్టలేదు. "మీ పళ్లెం దొరికింది గదా సామీ. మావోడి రెండు రాత్రులు ఎవురు తెచ్చిస్తారు?" అనెను. వాని తాత, "రాత్రి కుక్కలు మొరిగితే మీరు దొంగొచ్చినాడని లేస్తారు. మేము పోలీసొచ్చినాడని లేస్తాము" అనెను.

ఆ సాయంకాలము సంఘములో మాటలాడుకొంటిమి. రైతులు, "పోలీసులుండబట్టే కళ్లంలో వడ్లు నిలుస్తున్నాయి" అనిరి. అదియు నిజమే. పోలీసు ఉద్యోగము చేసి విరమించిన ఒక అన్న, "ఊరు ఎవరిని చూపితే మేము వాళ్ల గుమ్మమే తొక్కుతాము" అనెను. ఆ మాట నన్ను పొడిచెను. చూపిన వ్రేలు నాదే.

ఈ అనుమానము నిన్నటిది కాదు. 1871లో దొరలు నేరస్థ జాతుల చట్టము చేసిరి. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎరుకలవారిలో అనేకులు వ్రేలిముద్రలు వేసి, హాజరు పలుకుచు, సెలవు లేనిదే ఊరు దాటలేక బ్రదికిరి. వారినుంచిన సెటిల్‌మెంట్లను కావలిలో అమెరికను బాప్టిస్టు మిషను, బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో రక్షణ సైన్యము నడిపెను. అక్కడ బడి, పని, సువార్త ఉండెను, కాపలాయు ఉండెను. మనము ఇది మరువరాదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దాయెను. అయినను 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, ఈ జాతులవారిని ఇష్టానుసారముగా అరెస్టు చేయరాదని పోలీసులకు చెప్పవలసివచ్చెను.

అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయము చదువుడి. యెరూషలేములో అల్లరి పుట్టగా అధికారి పౌలును ముందు రెండు సంకెళ్లతో బంధింపజేసి, తరువాత అతడెవడని అడిగెను. తిరుగుబాటు చేసిన ఐగుప్తీయుడని భ్రమపడెను. మనము పౌలును ప్రేమింతుము. గాని ఆనాడు ఆ గుంపులో ఉండినయెడల మన వ్రేలు ఎటు చూపియుండును?

పండుగనాడు ఆ పళ్లెము నా యెదుటికి వచ్చినప్పుడు కానుక వేయలేకపోతిని. ముందు సహోదరునితో సమాధానపడవలెనన్న ప్రభువు ఆజ్ఞ జ్ఞాపకము వచ్చెను. లేచి కాలువగట్టుకు పోయితిని. గుడిసె లేదు. మూడు పొయ్యిరాళ్లు మాత్రముండెను. వారిని ఇంకను వెదకుచున్నాను.

మీ ఊరి గట్టున తట్టలల్లువారు దిగినయెడల, ముందు వారి పేరడుగుడి. ఆ మనస్సు ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.