మీటయు, మితియు

మా యూరు హంసలదీవి. కృష్ణానది పాయ యొకటి సముద్రమును కలియు చోటు. చూడవచ్చినవారు ఆ సంగమమును పొగడి వెడలిపోవుదురు. ఇంట నినుప వస్తువులు గలవారికి మాత్రము ఆ యుప్పుగాలి సంగతి వేరుగా తెలియును. తలుపు బందులు, సైకిలు గొలుసులు, నీటి యింజను బోల్టులు, అన్నియు తుప్పు పట్టును. మా నాన్నగారు కొనిన పాత మారుతి 800 కారునకును ఆ బాధ తప్పలేదు. ప్రతి చిన్న పనికిని అవనిగడ్డకు పోలేక, చేతనైన మరమ్మతులు మేమే యింట చేసికొనెడివారము.

ఆ కాలమున నేను పదవ తరగతి చదువుచుంటిని. మా సైన్సు మాష్టారు నల్లబల్లమీద మీట బొమ్మ గీసి, బలమును ఆధారమునుండి దానికి గల దూరముచే గుణింపవలెనని బోధించిరి. ఏతాము, గునపము, కత్తెర అని యుదాహరణములు వ్రాసి నేను పూర్తి మార్కులు తెచ్చుకొంటిని. పాఠము వచ్చినదనియే తలచితిని.

ఒక వేసవి సాయంకాలమున కారు వెనుక చక్రమునకు పంక్చరయ్యెను. మరునాటి యుదయమున అమ్మను బందరు ఆసుపత్రికి గొనిపోవలసియున్నది. నాన్నగారు పొలమునుండి రాకమునుపే చక్రము మార్చి మెప్పు పొందవలెనని నాకు కోరిక పుట్టినది. నట్లు తుప్పుతో బిగిసి పానాకు కదలలేదు. కిరోసిన్ పోసి కొంతసేపు నాననిచ్చి, పెరటిలోని యినుప గొట్టమును పానా పిడికి తొడిగి నొక్కితిని. కిఱ్ఱుమని నట్టు తిరిగెను! నాలుగును విడిపోయినవి. ఆర్కిమిడీసు సైతము నన్ను చూచి సంతోషించునని గర్వపడితిని.

అంతటితో గొట్టమును పక్కన పెట్టియుండినచో ఈ వ్యాసమే లేదు. స్టెప్నీ తగిలించిన పిదప, విప్పుటకు పనికివచ్చినది బిగించుటకు మాత్రమేల పనికిరాదని, మొదటి నట్టునే ఆ గొట్టముతో బలముకొలది బిగించితిని. మొదట గట్టిగా నిలిచినది చివర నొకసారి మెత్తగా లొంగినట్లు చేతికి తగిలెను. ఏదో చెడినదని నాకు తెలిసినది. కాని నాన్నగారు వచ్చి “భేష్” అని భుజము తట్టగా, ఆ మాట నా గొంతులోనే యుండిపోయెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు కోడూరు దాటిన పిమ్మట వెనుకనుండి టకటకమని చప్పుడు మొదలయ్యెను. అమ్మ నా పక్కనే కన్నులు మూసికొని కూర్చుండియున్నది. ఇక నోర్చుకొనలేక, “నాన్నగారూ, బండి ఆపండి. నిన్న ఒక నట్టు నా చేతిలో పాడైనది” అంటిని. దిగి చూడగా ఒక బోల్టు తెగిపోయియున్నది. దాని పక్క నట్టు వేళ్లతోనే తిరుగుచున్నది. నాన్నగారు నన్ను కొట్టలేదు. “బోల్టు పోయినందుకు కాదురా. రాత్రి చెప్పియుండవలసినది” అని మాత్రమనిరి. ఆ మాట దెబ్బకంటె గట్టిగా తగిలెను. మిగిలిన నట్లు బిగించి, మెల్లమెల్లగా అవనిగడ్డ చేరితిమి.

అచ్చటి మెకానికు తెగిన ముక్కను నా యరచేతిలో పెట్టెను. దాని నడుము సన్నబడియుండెను. బోల్టు గట్టి స్ప్రింగువంటిదనియు, బిగించినకొలది రవంత సాగి, ఆ సాగుటచేతనే చక్రమును పట్టియుంచుననియు, హద్దు దాటినచో మరల వెనుకకు రాదనియు అతడు చెప్పెను. ఒకే నట్టును ముందుగా పూర్తిగా బిగించుటచే చక్రము సమముగా కూర్చుండలేదట. నడకలో అది సర్దుకొనగా పక్క నట్టు వదులైనదట. అప్పుడు లెక్క వేసికొంటిని. 25 సెంటీమీటర్ల పానామీద 20 కిలోల బరువుతో నొక్కిన 5 కిలోగ్రాము మీటర్లు, అనగా సుమారు 49 న్యూటన్ మీటర్లు. ఆ బరువే మీటరు పొడవున 196 న్యూటన్ మీటర్లు! చిన్నకార్ల చక్రపు నట్లకు సాధారణముగా నూటికి అటునిటుగా చాలును. సరియైన యంకె ఆ కారు చేతిపుస్తకములో నుండును.

అతడు కొలత గల పానా నొకదానిని తీసి, అంకె సరిచేసి నొక్కెను. తగిన బిగువు రాగానే అది ‘టక్’ మనెను. అతడు చేయి తీసెను. దీనినే టార్కు రెంచి యందురు. న్యూయార్కు నగర నీటి శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనునతడు, భూమిలోని గొట్టముల బోల్టులు అతిగా బిగియకుండుటకై 1918లో ఇట్టి పనిముట్టును రూపొందించెనని చెప్పుదురు.

ఇంట చక్రము మార్చు సోదరులకు నేను నష్టపడి నేర్చినది చెప్పెదను. చక్రము నేలమీద నుండగానే నట్లను కొంచెము వదులు చేసి, పిదప జాకీ యెత్తవలెను. మరల పెట్టునపుడు ఎదురెదురు నట్లను కొంచెము కొంచెముగా బిగించుచు రావలెను. మరలకు నూనె రాయరాదు; జారుడుచే అదే యంకెకు బోల్టు మరింత సాగును. టార్కు రెంచితో తుప్పు నట్లు విప్పరాదు. పని ముగియగనే దాని యంకెను అడుగునకు దింపియుంచవలెను. నూరు కిలోమీటర్లు నడచిన పిదప బిగువును మరల చూడవలెను.

నా మొదటి జీతములో నేను కొనిన వస్తువు టార్కు రెంచి. ఉప్పుగాలి తగులకుండ నూనెగుడ్డలో చుట్టి మా యింట నుంచితిమి. తెగిన బోల్టు ముక్కయు దాని పక్కనే యున్నది. రెంచి ‘టక్’ మని తన హద్దును చెప్పును. ఆ సాయంకాలము నా చేతికి తెలిసిన హద్దును నేను నోటితో చెప్పలేకపోతిని. చెప్పియుండినచో, అమ్మ ఆ దారిని అట్లు ప్రయాణము చేయవలసియుండెడిది కాదు.