అచ్చు వెయ్యని కారు

అన్నవరంలో ఉండేవాళ్ళకి కార్లు చూడ్డం ఓ కాలక్షేపం. కొండ కింద తొలి పావంచా దగ్గర రోజూ ఏదో ఒక బండికి పూజ జరుగుతూనే ఉంటుంది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, ముందు అద్దానికి బంతిపూల దండ. వాటిలో షోరూం నించి వచ్చినవెన్నో, నాలుగు చేతులు మారి వచ్చినవెన్నో చూసి చెప్పడం కష్టం. దండ పడేసరికి అన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళే.

మా ఇంటికి కారు కావలసి వచ్చింది మాత్రం షోకు కోసం కాదండీ. అత్తయ్యగారికి ఏడాదిగా డయాలసిస్ జరుగుతోంది. వారానికి రెండుసార్లు కాకినాడ వెళ్ళిరావాలి. ఇక్కణ్ణించి కత్తిపూడి, గొల్లప్రోలు, పిఠాపురం మీదుగా దాదాపు యాభై కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చోగలరు గానీ, తిరిగొచ్చేటప్పుడు ఆవిడ తల నిలబెట్టలేరు. అద్దె కారుకి ఒక్కో ట్రిప్పుకి రెండు వేలు. నెలకి ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఈ వేసవిలో నా చీటీ పాడితే మూడు లక్షల చిల్లర చేతికొచ్చింది. మరో పాతికవేలు అటో ఇటో సర్దితే పాత కారు వస్తుందని మావారూ నేనూ అనుకున్నాం.

అనుకున్న వారానికే ఓ బండి కబురొచ్చింది. మావారి పినతండ్రి అల్లుడికి తెలిసినాయన విజయవాడలో బళ్ళు కొని అమ్ముతుంటాడట. 2021 మోడల్, తెల్ల రంగు, పెట్రోలు, ఇరవయ్యేడు వేల కిలోమీటర్లు తిరిగింది. అలాంటిది బయట అయిదు లక్షల పైమాటే. ఈయన మూడు లక్షల పాతిక వేలకి ఇస్తానన్నాడు. ఎందుకంత చవకండీ అని మావారు అడిగితే దాచలేదు. "మీరు మనవాళ్ళు కాబట్టి చెబుతున్నాను, బుడమేరు వరదలో మునిగిన బండి. ఇంజిన్ విప్పి అన్నీ చేయించాను" అన్నాడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడ్డ సంగతి ఎవరు మర్చిపోతారు? సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. మేడ మీదకి చేరిన మనుషుల్ని, వాళ్ళకి పడవల మీద అందించే పాలపాకెట్లని టీవీలో చూసి ఏడ్చాం. కింద సెల్లారుల్లో మునిగిపోయిన బళ్ళ గురించి అప్పుడెవరు ఆలోచించారు? ఆ తర్వాత పదిరోజులైనా కాకుండానే ఏలేరు పొంగి మా పక్కనే గొల్లప్రోలు, పిఠాపురం మునిగాయి. నీళ్ళు తీశాక ఇళ్ళు కడుక్కున్నారు, పరుపులు రోడ్డు మీద పారేశారు. కార్లని మాత్రం ఎవరూ పారెయ్యలేదు. అవన్నీ ఎక్కడికి పోయాయన్నది నాకు ఇన్నాళ్ళూ తట్టని ప్రశ్న.

మా అక్క కొడుకు అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటాడు. వాడితో మాట్లాడుతూ ఈ కారు సంగతి చెప్పాను. "పిన్నీ, అదిక్కడైతే బ్రాండెడ్ టైటిల్" అన్నాడు. బ్రాండెడ్ అంటే మంచిదేగా అన్నాను. మన బట్టల కొట్లలో ఆ మాటకి ఉన్న అర్థం అదే మరి. వాడు పడీపడీ నవ్వాడు. అక్కడ కారు యాజమాన్యపు కాగితాన్ని టైటిల్ అంటారట. ప్రమాదంలో నుజ్జయిందనో, వరదలో మునిగిందనో బీమా కంపెనీ చేతులెత్తేస్తే ఆ కాగితం మీద 'సాల్వేజ్' అనో 'ఫ్లడ్' అనో ముద్ర పడుతుంది. బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించినా 'రీబిల్ట్' అని ఉంటుందే గానీ మామూలు కాగితం అవ్వదు. 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్ మునిగినప్పుడు అలాంటి కార్లు లెక్కలేనన్ని వచ్చాయనీ, కొందరు వాటిని వేరే రాష్ట్రానికి తోలి ముద్ర చెరిపే మోసాలు చేస్తారనీ, అందుకే అక్కడ కారు నంబరు కొట్టి దాని పూర్వాపరాలు చూశాకే కొంటారనీ చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక నాకు అచ్చోసిన ఆంబోతు గుర్తొచ్చింది. తెలుగు బీయే చదివినందుకు ఇలాంటివి అనవసరంగా గుర్తొస్తుంటాయి. పూర్వం చనిపోయినవాళ్ళ పేరిట కోడెదూడకి కాల్చిన అచ్చు వేసి ఊరి మీదకి వదిలేవారు. ఆ అచ్చు చూస్తే చాలు, ఇది ఫలానాదని ఎవరికైనా తెలిసేది. బ్రాండ్ అన్నా అసలర్థం అదేగా, కాల్చి వేసిన ముద్ర. మన వరద కార్లకి ఆ అచ్చు లేదు. ఆంబోతులు మాత్రం ఊళ్ళ మీద తిరుగుతున్నాయి.

మన ఆర్సీలో ఏముంటుందో ఓసారి తీసి చూడండి. ఓనరు పేరు, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, అప్పు ఉంటే ఫైనాన్సు వాళ్ళ పేరు. ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా అన్నవి కూడా కనబడతాయి. ఈ బండి వారంరోజులు నీళ్ళలో నానింది అని చెప్పే గడి మాత్రం ఎక్కడా లేదు. రిపేరు ఖర్చు బీమావాళ్ళు కట్టిన విలువలో 75 శాతం దాటితే 'టోటల్ లాస్' అంటారు. ఓనరుకి డబ్బు ముడుతుంది, బండి వేలంలో పోతుంది. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి నాశనమైపోయినా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా ఓనరు 14 రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలపాలి, రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. కానీ టోటల్ లాస్ అన్నది డబ్బు లెక్క. ఖర్చెక్కువని వదిలేసిన బండికి తక్కువ ఖర్చుతో ప్రాణం పోసేవాళ్ళు మన దగ్గర కొల్లలు. శాశ్వతంగా పనికిరానిదని ఎవరనాలి? వాళ్ళు ఎందుకంటారు?

బండి ఇంటికే తెచ్చి చూపించారు. తునిలో మాకు తెలిసిన మెకానిక్కుని పిలిపించాం. అతను ముందు కాగితం తీసి చాసిస్ నంబరు మీద పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. ఎందుకయ్యా అంటే, తుక్కయిన బండి కాగితాల్ని దొంగ బండికి తగిలించేవాళ్ళుంటారండీ అన్నాడు. నంబరు సరిపోయింది. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టాడు. సీట్ల కింద పట్టాలు, వాటి బోల్టులు చూశాడు. కార్పెట్లు కొత్తవి, సీటు కవర్లు కొత్తవి, లోపలంతా మల్లెపూల సెంటు వాసన. చివరికి సీటు బెల్టుని చివరిదాకా లాగాడు. మనం ఎప్పుడూ లాగం కదా అంతదాకా. ఆఖరి జానెడు మీద ఎండిన ఒండ్రు గీత, చెరువుగట్టు మీద నీటిమట్టం గీతలా.

"ఆయ్, ఇంజిన్ బాగానే చేశారండి" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "నా భయం ఇంజిన్ గురించి కాదండి, అది పాడైతే ఆగిపోద్ది, తెలిసిపోద్ది. వైర్లండి." ముందు సీటు కింద పసుప్పచ్చ ప్లగ్గు ఒకటి ఊడదీసి చూపించాడు. లోపల పిన్నుల మీద పచ్చగా, మనం చింతపండు పెట్టి తోమే ఇత్తడి గిన్నెకి పట్టినట్టు కిలుం. ఎయిర్‌బ్యాగుల వైర్లట అవి. వాటిని నడిపే పెట్టె కూడా అడుగునే, గేరు దగ్గర ఉంటుందట. "ఇవాళ పనిచేస్తదండి. రెండేళ్ళకీ పనిచెయ్యొచ్చు. గుద్దుకున్న రోజున తెరుచుకుంటదా లేదా అన్నది మాత్రం నేను చెప్పలేనండి. అది ముందుగా ఎవరికీ తెలీదండి."

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మావారిది డబ్బు లెక్క. రెండు లక్షలు మిగులుతాయి, వైర్లన్నీ మార్పించినా నలభై, యాభై వేలు. అయిదేళ్ళు వాడుకుని అమ్మేద్దాం అన్నారు.

"అమ్మేటప్పుడు మునిగిన బండి అని చెబుతామా అండీ?" అన్నాను.

"అడిగితే చెబుదాం."

"అడక్కపోతే?"

ట్యాంకు నిండినట్టుందంటూ మోటారు కట్టెయ్యడానికి లేచి వెళ్ళారు.

అత్తయ్యగారు మంచం మీంచి అంతా వింటున్నారు. ఆవిడ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. "అమ్మాయ్, అతనెవరో ఉన్నమాట చెప్పాడు. సెంటు కొట్టి ఊరుకోవచ్చు కదా, చెప్పాడు. ఉన్నమాట చెప్పినవాడి దగ్గర కొనకపోతే రేపు ఇంకెవరు చెబుతారు? చెప్పనివాడి దగ్గర మీరు ఎక్కువ పోసి కొంటారు."

కాదనడానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే, తెలియని కారు కంటే తెలిసిన జబ్బున్న కారు నయం కావచ్చు. జబ్బు మనిషిని పెట్టుకుని కూర్చున్న ఇంట్లో ఆ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. అందుకే మర్నాడు మావారి చేత ఆయనకి ఫోన్ చేయించాను. తీసుకుంటాం, అయితే మూడు పనులు జరగాలి. బీమావాళ్ళు టోటల్ లాస్ కింద డబ్బిచ్చిన కాగితం నకలు ఇవ్వాలి. బండి ముందు ఆయన పేరిట ట్రాన్స్‌ఫర్ చేయించుకుని అప్పుడు మాకు అమ్మాలి, ఎందుకంటే ఆర్సీ ఇంకా సింగ్‌నగర్ ఓనరు పేరు మీదే ఉంది. అమ్మకపు కాగితంలో వరదలో మునిగిన బండి అని ఒక్క వాక్యం రాయాలి.

రెండో సంగతి చాదస్తం అనుకోకండి. 29, 30 నంబరు ఫారాల మీద పాత ఓనరు సంతకాలు ఖాళీగా పెట్టించుకుని, వాటితోనే బండి చేతులు మారుస్తుంటారు. ప్రమాదం జరిగితే రిజిస్టరులో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సింగ్‌నగరాయన బీమా డబ్బు తీసుకుని, పీడ వదిలిందనుకుని ఉంటాడు. ఆయన పేరు మోసుకుంటూ ఆ బండి ఇన్నాళ్ళూ ఊళ్ళు తిరుగుతోందని ఆయనకి తెలుసా?

ఫోన్‌లో కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "మనలో మనకి నోటిమాట చాలదా అండీ? ఇవన్నీ రాసుకుంటే రేపు మీకే అమ్ముడుపోదు" అన్నాడు. పాపం, మా మేలు కోరే అన్నాడు. కాగితం నకలు తన దగ్గర లేదన్నాడు. ఇంకో అయిదువేలు తగ్గిస్తానన్నాడు.

నాకు అక్కడ తేలిపోయింది. ఆయన నిజమే చెప్పాడు, కానీ ఆ నిజం మా గుమ్మం దాకానే. మా తర్వాత కొనేవాడికి అది చేరే దారి లేదు, మేం నోరు విప్పితే తప్ప. అయిదేళ్ళ తర్వాత డబ్బు అవసరంలో ఉండి విప్పుతామా అంటే, మోటారు కట్టడానికి లేచి వెళ్ళిన మనిషిని చూశాను కదా. వద్దన్నాను. మావారు రెండురోజులు ముభావంగా ఉన్నారు. మా పినమామగారింట్లో, ఈ కోడలికి అనుమానం ఎక్కువ అనుకున్నారని కూడా విన్నాను. అనుకోనివ్వండి.

నెల తర్వాత తునిలో రిటైరైన ఓ మాస్టారి దగ్గర 2014 వ్యాగనార్ కొన్నాం, రెండు లక్షల అరవై వేలకి. ఏసీ ఓ మోస్తరు. వెనక కుడి తలుపు గట్టిగా వెయ్యాలి. 2029తో పదిహేనేళ్ళు నిండుతాయి, అప్పుడు రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి. కానీ మాస్టారు మొదటి రోజు నుంచి సర్వీసు బిల్లులన్నీ దారంతో కుట్టి ఫైలు పెట్టారు. పాత బీమా పాలసీ చూస్తే నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది. క్లెయిమ్ లేని ఏడాదికి 20, తర్వాత 25, 35, 45 అలా పెరిగి 50 దగ్గర ఆగుతుంది అది. ఆ ఒక్క అంకె, వరసగా అయిదేళ్ళు బీమావాళ్ళని ఒక్క రూపాయి అడగలేదని చెబుతుంది. ఓనరు మారినా అది సున్నా అవుతుంది కనక సున్నా ఉన్నంత మాత్రాన అనుమానించక్కర్లేదు గానీ, పాత కారు కొనేవాళ్ళు ఆ కాగితం అడిగి చూడండి. పైగా ఈ కారు సీటు ఎత్తు. అత్తయ్యగారు నడుం వంచక్కర్లేకుండా ఎక్కి కూర్చుంటారు.

ఆ తెల్ల కారుని సామర్లకోట వైపు ఎవరో కొన్నారట, నాలుగు లక్షల పది వేలకి. మొన్న మావారే చెప్పారు. మునిగిన సంగతి వాళ్ళకి చెప్పి అమ్మారా అని అడిగాను. తెలీదన్నారు. దాని నంబరు నాకు నోటికొచ్చు. కాకినాడ వెళ్ళేటప్పుడు పిఠాపురం దగ్గర ఎదురొచ్చే తెల్ల బళ్ళ నంబర్లు చదువుతుంటే, "ఎవరికోసమే అలా వెతుకుతావు?" అంటారు అత్తయ్యగారు వెనక సీట్లోంచి.