ఐదో కాంటూరు బాబాయి, ట్రిపుల్ వన్ అత్తయ్య

మార్గశిరం వచ్చేసింది. కార్తీక దీపాల నూనె మరకలు గుమ్మం మీద ఇంకా పోనేలేదు, అప్పుడే ఇంట్లో సంక్రాంతి రైలు టిక్కెట్ల గొడవ మొదలైంది. ఈ సందులో కాస్త తీరిక చిక్కింది కాబట్టి నాలుగు కబుర్లు.

ఈ మధ్య నాకొక విద్య పట్టుబడింది. మనిషి నోట ఏ చట్టం మాట దొర్లుతుందో వింటే చాలు, వాళ్ల పొలమో స్థలమో ఎక్కడుందో చెప్పేస్తాను. "ఐదో కాంటూరు" అన్నారంటే కొల్లేటి వైపు మనిషి. "ట్రిపుల్ వన్" అంటే మొయినాబాద్ దగ్గరో శంషాబాద్ దగ్గరో ఎప్పుడో చవగ్గా కొని పడేసిన జాగా ఉన్నట్టు. "ఎఫ్‌టీఎల్", "బఫరు" అంటే హైదరాబాదులో చెరువు పక్కన అపార్ట్‌మెంటు కొనుక్కుని రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టనివారు. "వాల్టా" అంటే బోరు అనుమతికి తిరుగుతున్న రైతు. "సీఆర్‌జెడ్" అంటే కిటికీలోంచి సముద్రం కనబడాలని ఆశపడ్డవారు. వీళ్లలో చట్టం పుస్తకం తెరిచినవాళ్లు ఒక్కరూ ఉండరు. చట్టమే వచ్చి వాళ్ల తలుపు తట్టింది.

మా బాబాయిది కైకలూరు దగ్గర పల్లె. "నేను చదివింది ఐదో తరగతి, నన్ను చదివించింది ఐదో కాంటూరు" అని తన మీద తనే వేసుకుంటాడు. 1999 అక్టోబరులో జీవో 120 వచ్చింది. కొల్లేట్లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీత గీస్తే, దాని లోపలిదంతా, 308 చదరపు కిలోమీటర్లు, పక్షులదీ చేపలదీ అంది. గీత కాగితం మీద బాగానే ఉంది. నేల మీద కనబడదు కదా. పైగా కొల్లేరు వానాకాలం ఒక సైజు, ఎండాకాలం ఒక సైజు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టే యంత్రాలు దిగినప్పుడుగానీ గీత ఎక్కడుందో ఊరికి తెలిసిరాలేదు. దాన్ని అయిదు నుంచి మూడుకు దించాలన్న మాట అప్పటినుంచీ ప్రతి ఎన్నికల్లోనూ వినబడుతూనే ఉంది.

చెరువు పోయిన బాధ బాబాయికి ఇప్పటికీ ఉంది. అయినా 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఫోను చేసి ఆయన అన్నమాట నాకు గుర్తుండిపోయింది. "ఆ బుడమేరు చివరికి చేరేది మా కొల్లేట్లోకేనమ్మాయ్. మధ్యలో దారి బిగిస్తే నీళ్లు ఊరుకుంటాయా? నా గట్టు కూడా ఒక చెయ్యి వేసిందిలే." ఇంత మాట చేపల చెరువు పోగొట్టుకున్న మనిషి అన్నాడు. ఏ సెమినార్‌లోనూ నేను వినలేదు.

ఇక అత్తయ్య. ఆవిడ దృష్టిలో జీవో 111 అంటే మావయ్య తెలివితక్కువతనానికి ప్రభుత్వం ఇచ్చిన నంబరు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో, ఫ్యాక్టరీలూ పెద్ద కట్టడాలూ వద్దని 1996 మార్చిలో వచ్చిన ఉత్తర్వు అది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన చెరువులవి, ఊరికి మంచినీళ్లిచ్చేవి. "అందరూ వద్దన్నచోట కొనడం మీ మావయ్య ఒక్కరికే చెల్లింది" అని ఆవిడ ప్రతి పండక్కీ అంటుంది. 2022 ఏప్రిల్లో ఆంక్షలు సడలిస్తూ జీవో 69 వచ్చాక కొన్నాళ్లు మావయ్య కాలు మీద కాలు వేసుకు కూర్చున్నాడు, పాపం.

ఈ జీవో వెనక ఒక ఆముదం కథ ఉంది. అత్తయ్యకు నేనే చెప్పాను, పూర్తిగా నమ్మలేదు. తొంభైలలో ఆముదం నుంచి రసాయనాలు తీసే కంపెనీ ఒకటి శంషాబాద్ మండలంలో, సరిగ్గా ఈ జలాశయాల ఎగువన, ఫ్యాక్టరీ పెడతానంది. కాలుష్య నియంత్రణ మండలి కుదరదంది. నిషేధం నుంచి ఆ కంపెనీకి మినహాయింపు ఇస్తూ ప్రభుత్వమే ఉత్తర్వు చేసింది. తగవు సుప్రీంకోర్టుకెక్కింది. తీర్పు 1999 జనవరిలో రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు. హాని జరుగుతుందని జనం నిరూపించాలా, జరగదని కంపెనీ నిరూపించాలా అన్నది అక్కడ ప్రశ్న. కంపెనీయే నిరూపించుకోవాలి, అనుమానం ఉన్నప్పుడు మంచినీళ్ల పక్షానే నిలబడాలి అన్నది జవాబు. 2000 డిసెంబరులో రెండో తీర్పుతో ఆ మినహాయింపు కూడా చెల్లదని తేలింది. దేశంలో పర్యావరణ చట్టం చదివే పిల్లలందరూ ముందుజాగ్రత్త సూత్రం అనగానే ఈ కేసు పేరు వల్లిస్తారు. అది మన నల్లా నీళ్ల గురించిన కేసని హైదరాబాదులో ఎంతమందికి తెలుసు? ఇంతా చెబితే అత్తయ్య, "అయితే మీ మావయ్య మొహం ఆముదం తాగినట్టు ఉండటానికి కారణం ఇదన్నమాట" అని లేచి వెళ్లింది.

2025 ఉగాదినాడు మరో మాట మా ఇంట్లో చేరింది. కంచ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయం పక్కన నాలుగు వందల ఎకరాల్లో జేసీబీలు దిగి చెట్లు కూల్చడం, రాత్రిపూట నెమళ్ల అరుపుల వీడియోలు, ఫోను తెరిస్తే అవే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు సుమోటోగా, అంటే ఎవరూ కేసు వేయకుండా తనంతట తానే, విచారణకు తీసుకుని చెట్ల నరికివేత ఆపమంది. అప్పటినుంచి మావారు అడక్కుండా కాఫీ తెచ్చి ఇస్తే దాని పేరు సుమోటో కాఫీ. ఏడాదిలో మూడుసార్లు తాగాను.

పండగల సంగతికొస్తే, ప్రతి పండగ వెనకా ఓ ఉత్తర్వు నడిచొస్తోంది. వినాయకచవితికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మల మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచనలు ఉన్నవే. 2021లో హుస్సేన్‌సాగర్‌లో వాటిని కలపొద్దని హైకోర్టు అంటే, ఈ ఒక్కసారికీ పోనీ అని సుప్రీంకోర్టు వదిలింది. మరుసటేడు ఖైరతాబాద్ గణపయ్యే మొదటిసారి మట్టితో వచ్చాడు, యాభై అడుగులు! అంతవాడే మట్టికి మారితే మా వీధివాళ్లకేమైంది? ఈసారి అడిగితే "మట్టిదే ఆంటీ, పైన కొంచెం పెయింటు" అన్నారు. ఆ కొంచెం పెయింటు మైలు దూరానికి మెరిసింది. రాత్రి పదికి మైకు ఆపాలన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. మా వీధిలో గడియారాలకు పదిన్నర దాకా పది కొట్టదు.

దసరాకు పాలపిట్టను చూడాలని పంజరంలో పెట్టి తిప్పితే నేరం, చిలక జోస్యం చెప్పేవారి చిలకా అంతే. రామచిలక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి కూడాను. తన రాత చూసుకోలేదేమో.

దీపావళిది మాత్రం చిత్రమైన సంగతి. గ్రీన్ క్రాకర్లే కాల్చాలి, రాత్రి ఎనిమిది నుంచి పదిలోపే కాల్చాలి అని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో అంది. బేరియం లవణాలు వాడొద్దంది. మతాబులో ఆకుపచ్చ రంగు ఇచ్చేదే బేరియం. అంటే ఆకుపచ్చగా వెలిగితే అది గ్రీన్ కాదన్నమాట! ఈ మాట టపాసుల కొట్లో చెబితే కుర్రాడు నన్ను జాలిగా చూసి, ఓ కాకరపువ్వొత్తుల పెట్టె ఊరికే ఇచ్చాడు.

ఆ తర్వాత పెళ్లిళ్లు. మా చెల్లెలి కూతురి శుభలేఖలు వచ్చాయి, ఒక్కోటీ తళతళలాడే ప్లాస్టిక్ పొర చుట్టుకుని. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని నిషేధించారని అందరికీ తెలుసు. స్ట్రాలు, చెంచాలు, ప్లేట్లు గుర్తుంటాయి. ఆ జాబితాలో మిఠాయి డబ్బా మీద చుట్టే పొర, శుభలేఖ మీద చుట్టే పొర, సిగరెట్ పెట్టె మీది పొర కూడా ఉన్నాయని ఎవరికీ గుర్తుండదు. చెల్లెలితో అన్నాను. "అక్కా, పసుపు రాసే ముందు తీసేద్దాంలే, దేవుడికి చట్టం తెలియదా" అంది. తీసేసిన పొరలు రెండు గోనెసంచులయ్యాయి. వంద మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న ఫ్లెక్సీ కూడా ఆ జాబితాలోదే. నాయకుడి పుట్టినరోజుకు టేపు పట్టుకుని మందం కొలిచేవాళ్లెవరు? పెళ్లికూతురి ఫ్లెక్సీ ఎలాగూ నాయకుడి దానికన్నా చిన్నదేనని మా మరిది సమర్థన.

కార్తీకం వెళ్లిపోయే వారంలో, 2025 నవంబరు 18న, ఢిల్లీ నుంచి వచ్చిన వార్తను మా ఇంట్లో నేనొక్కదాన్నే చదివాను. ముందు కట్టేసి, తవ్వేసి, ఆ తర్వాత పర్యావరణ అనుమతి తెచ్చుకునే పద్ధతి చెల్లదని మే నెలలో సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. ఆ తీర్పును ఆ రోజు ఇద్దరు న్యాయమూర్తులు వెనక్కి తీసుకున్నారు, ఒక్కరు ఒప్పుకోలేదు. ఆ ఒక్కరు జస్టిస్ ఉజ్జల్ భుయాన్, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినాయన. మనకేం పట్టిందంటారా? విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం ఊరు స్టైరీన్ ఆవిరిలో మునిగి పన్నెండు మంది పోయారు. కేంద్రం అనుమతి లేకుండానే ఏళ్లపాటు నడిపామని ఆవిరి లీకైన ఎల్జీ పాలిమర్స్ కంపెనీ అంతకుముందు ఏడాదే అఫిడవిట్‌లో రాసి ఇచ్చిందని తర్వాత బయటపడింది. అనుమతి ముందా, తర్వాతా అన్నది ఆ ఊరివాళ్లకు వ్యాకరణం తగవు కాదు.

విచిత్రమేమిటంటే ఆ గ్యాసు లీకైన రోజుల్లోనే, అనుమతుల నిబంధనలు మారుస్తూ కేంద్రం ఒక ముసాయిదా పెట్టి, అభిప్రాయాలు చెప్పమని దేశాన్ని అడిగింది. వెనకటి తేదీ అనుమతులకు దారి, జనం మాట్లాడే గడువు ముప్పై రోజుల నుంచి ఇరవైకి కోత, అన్నీ అందులో ఉన్నాయి. ఉన్నది ఇంగ్లీషులో, హిందీలో. ఆ ఏడు జూన్ 30న ఢిల్లీ హైకోర్టు, ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ దీన్ని మార్చండి అంది. నాకు ఆ రోజు పండగే. వెంకటాపురంలో వాంతులు చేసుకుంటూ పరిగెత్తిన మనిషి ఏ భాషలో అభిప్రాయం చెప్పాలని అనుకున్నారో?

అందుకే నేను పేపర్లో మొదటి పేజీకన్నా జిల్లా ఎడిషన్‌లో ఓ మూలన పడేసే ప్రకటనలు ముందు చూస్తాను. చీమల్లాంటి అక్షరాలు, పైన "ప్రజాభిప్రాయ సేకరణ" అని ఉంటుంది. 2006 నాటి పర్యావరణ అనుమతుల నిబంధనల ప్రకారం గనికైనా ఫ్యాక్టరీకైనా ఇలాంటి సభ పెట్టాలంటే ముప్పై రోజుల ముందు ప్రకటించాలి, స్థానిక భాషా పత్రికలో కూడా వేయాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరాఫీసులో, పంచాయతీలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో పెట్టాలి. కలెక్టరుగానీ ఆయన తరఫున పెద్ద అధికారిగానీ సభ నడపాలి, వీడియో తీయాలి. మాట్లాడినవన్నీ చివర్లో తెలుగులో చదివి వినిపించాలి. సభకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే. కిటుకంతా అక్కడే ఉంది.

ఒకసారి ఒక గని సభకు వెళ్లాను. ఊరి పేరు వద్దులెండి. షామియానా, కూలర్లు, నీళ్ల ప్యాకెట్లు, ముందు వరసలో తెల్లచొక్కాలు. ఉద్యోగాలొస్తాయని చెప్పేవాళ్లకు మైకు త్వరగా అందింది. మధ్యాహ్నం దాటాక ఓ ముసలావిడ లేచి నివేదిక ప్రతి పైకెత్తింది. "అయ్యా, నాకు చదువు రాదు. నా మనవడు చదివి చెప్పాడు. ఇందులో మా ఊళ్లో బావులే లేవని రాసుందంట. మరి నేను పొద్దున నీళ్లు తోడింది ఎక్కడ?" షామియానా ఒక్కసారి గలగల్లాడింది. పెద్ద అధికారి తల వంచి ఏదో రాసుకున్నారు. సాయంత్రం వివరాలు చదువుతుంటే చెవులు రిక్కించి విన్నాను. బావి వచ్చింది! "ఒక మహిళ నీటి వనరులపై వివరణ కోరారు" అని వచ్చింది. ఆవిడ మాటలోని తడి అంతా ఆరిపోయిందిగానీ, కాగితం మీదికి ఎక్కడం మాత్రం ఎక్కింది. అలాంటి ఒక్క ముక్క పట్టుకునే తర్వాత ఎవరైనా కోర్టుకైనా, గ్రీన్ ట్రిబ్యునల్‌కైనా వెళ్లేది.

నిన్నటి మాట చెప్పి వదిలేస్తాను. అమ్మ ఉసిరికాయలు కడిగి, వరండాలో పేపర్లు పరిచి ఆరబోసింది. కార్తీకమంతా ఆ చెట్టు కింద భోజనాలయ్యాయి కాబట్టి ఇప్పుడు పచ్చడి వంతు. నేను కాఫీ గ్లాసుతో కూర్చుని చూస్తుంటే, రెండు కాయల మధ్య "ప్రజాభి" అని కనబడింది. మిగతా అక్షరాలు ఉసిరికాయల కింద. మా అత్తవారి జిల్లా పేరు సగం కనబడుతోంది. చెయ్యి పెట్టి కాయలు పక్కకు జరపబోయాను.

"కదపకు. తడి ఆరకపోతే పచ్చడి బూజు పడుతుంది" అంది అమ్మ.

"తేదీ చూడాలే."

అమ్మ కళ్లజోడు సవరించుకుని వంగి, రెండే రెండు కాయలు తీసి చూసింది. "ఇంకా ఇరవై ఆరు రోజులుంది. సాయంత్రానికి ఆరతాయి, అప్పుడు తీసుకో."