టర్బో చల్లారేదాకా

మా ఇంట్లో ఉన్న స్విఫ్ట్ డీజిల్ 2011 నాటిది. ఇప్పటికి లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాదులో నాతో పనిచేసేవాళ్ళు దాన్ని చూసి "ఇంకా నడుస్తోందా ఇది?" అంటారు. డాలస్‌లో ఉన్న మా అన్న ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మేయ్‌రా, కొత్తది తీస్కో, సగం నేనిస్తా" అంటాడు. వీళ్ళకు చెప్పాల్సిన జవాబు కాస్త పొడుగు. అందుకని నవ్వి ఊరుకుంటాను. ఇక్కడ మాత్రం చెప్తాను.

ముందు ఇంజను సంగతి. బండి మీద సుజుకీ గుర్తు ఉన్నా లోపలున్న ఇంజను పుట్టుక ఫియట్‌ది. 1248 సీసీ, 75 పీఎస్. లైసెన్సు తీసుకొని మనేసర్‌లో తయారుచేశారు. టాటా ఇండికా విస్టాలో, ఫియట్ పుంటోలో, లీనియాలో కూడా ఇదే. ఇన్ని కంపెనీల కార్లలో కనిపించేసరికి కార్ల పత్రికలవాళ్ళు దీనికి 'నేషనల్ ఇంజన్' అని పేరు పెట్టారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాయి, మారుతి డీజిల్ కార్లు మానేసింది. ఉన్నవాళ్ళు ఉన్నదాన్ని కాపాడుకోవాల్సిందే.

ఇంత చిన్న ఇంజనుకు అంత లాగే బలం టర్బో వల్ల వస్తుంది. సైలెన్సర్‌లోంచి వృథాగా పోవాల్సిన వేడి పొగ దారిలో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువ దొరికితే డీజిల్ ఎక్కువ కాలుతుంది. ఆల్ఫ్రెడ్ బ్యూషి అనే స్విస్ ఇంజనీరు 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన తేలికే, నిలబెట్టడమే కష్టం. ఇంజను నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు తిరుగుతుంటే టర్బో ఇరుసు లక్ష దాటుతుంది. ఆ వేగంలో ఇరుసు బేరింగును తాకదు. పలచటి ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర ఉన్నన్నాళ్ళే టర్బో ఉంటుంది.

మా నాయిన ఆర్టీసీ సూర్యాపేట డిపోలో మెకానిక్‌గా చేసి 2011లో రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఈ కారు కొన్నాడు. ఎక్కడికి వెళ్ళొచ్చినా ఇంటి ముందు బండి నిలిపి, ఇంజను మాత్రం ఆపకుండా, స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ఓ నిమిషం అలాగే కూర్చునేవాడు. అమ్మకు చిరాకు. "దిగరాదు? అన్నం సల్లారుతుంది" అని గడపలోంచి అరిచేది. "అన్నం సల్లారితే మల్ల ఉడుకు చేస్తవ్. టర్బోను సల్లారనీ ముందుగాల" అనేవాడు.

ఆ నిమిషంలో జరిగేది ఇదీ. హైవే మీద జోరుగా వచ్చిన బండిని టక్కున ఆపేస్తే ఆయిలు పంపు కూడా ఆగిపోతుంది. టర్బో మాత్రం ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది. బేరింగు దగ్గర నిలిచిపోయిన కాస్త ఆయిలు అడుగంటిన పాలలాగా మాడి బొగ్గవుతుంది. అట్లా రోజూ ఇంత పేరుకుంటే కొన్నేళ్ళకు ఆయిలు వచ్చే సన్నటి దారే పూడుకుపోతుంది. నిజానికి ఊళ్ళో నెమ్మదిగా తిరిగొచ్చినప్పుడు ఈ ఆగడం అక్కర్లేదు. సందులోకి మళ్ళేసరికే టర్బో చాలావరకు చల్లబడి ఉంటుంది. నాయినకు ఆ సంగతి తెలుసు. అయినా ఆగేవాడు. అవసరమైన రోజు మరిచిపోకుండా ఉండాలంటే అవసరం లేని రోజు కూడా చెయ్యాలి అన్నది ఆయన డిపోలో నేర్చుకున్న లెక్క.

ఆయన డాష్‌బోర్డు అరలో ఒక నోటుబుక్కు పెట్టుకున్నాడు. తేదీ, కిలోమీటర్లు, ఆయిలు, ఫిల్టరు. అంతే, ఇంకో మాట లేదు. కంపెనీ పుస్తకం పదివేలకోసారి ఆయిలు మార్చమంటుంది. నాయిన అయిదు వేలకే మార్చేవాడు. డీజిల్ ఇంజనులో ఆయిలు తొందరగా నల్లబడుతుంది. నల్లబడ్డంత మాత్రాన చెడిపోయినట్టు కాదు గానీ, ఆ నలుపంతా మసి. ఆ మసి కలిసిన ఆయిలే లక్ష చుట్లు తిరిగే ఇరుసుకు ఆధారం. ఎయిర్ ఫిల్టరు దగ్గర కూడా అంతే పట్టింపు. లోపలికి పోయిన దుమ్ము గాలిచక్రం రెక్కల అంచుల్ని ఇసుక కాగితంలా అరగదీస్తుంది. 2019లో నాయిన పోయాడు. నోటుబుక్కులో ఆ తర్వాతి వరస నుంచి నా చేతిరాత.

పోయిన ఎండాకాలం అమ్మను గుండె డాక్టరుకు చూపించడానికి సూర్యాపేట నుంచి తీసుకొస్తున్నాను. మూడు నెలలకోసారి ఈ ప్రయాణం ఉంటుంది. నకిరేకల్, నార్కట్‌పల్లి దాటాం. చిట్యాల దగ్గర ఒక లారీని దాటబోతే బండి లాగలేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా అంతే. ముందు నుంచి బుస్సుమని చప్పుడు, అద్దంలో వెనక నల్లటి పొగ. నెమ్మదిగా ఎడమ పక్కనే నడుపుకుంటూ హైదరాబాదు చేరేసరికి డాక్టరు ఓపీ అయిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం "ఈపారి బస్సుకొస్త తియ్" అంది. బండి చెడినదానికంటే ఆ మాటకే ఎక్కువ కష్టమనిపించింది.

ఒక పెద్ద సర్వీసు సెంటర్లో కంప్యూటరు తగిలించి చూసి, టర్బో పోయింది, మార్చాలి, నలభై వేల పైమాటే అన్నారు. ముషీరాబాద్ సందులో ఒక పాత షెడ్డుకు తీసుకెళ్ళాను. అక్కడి భాయ్ బానెట్ ఎత్తకముందే అడిగాడు: "పొగ నల్లగొచ్చిందా, నీలమా?" నల్లగా అన్నాను. "ఆయిలు కాల్తే నీలం వస్తది. నల్లగంటే గాలి సరిపోతలేదు. టర్బో మాట తర్వాత, ముందు గాలి యాడ పోతుందో చూద్దాం."

పైపు విప్పి టర్బో ఇరుసును వేళ్ళతో కదిపాడు. పక్కలకు వెంట్రుకవాసి కదిలింది. ఆయిలు మీద తేలేది కాబట్టి ఆ మాత్రం ఉంటుందట. ముందుకూ వెనక్కూ కదిలితేనే భయపడాలి. అది కదల్లేదు. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు హోసు కింద చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్ళకు ఆయిలు జిడ్డు అంటింది. క్లిప్పు కింద, పైకి కనపడని చోట, రెండు వేళ్ళంత చిరుగు. బండి నిలబడి ఉంటే అది మూసుకునే ఉంటుంది. గాలి ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. రాణిగంజ్ నుంచి కొత్త హోసు, క్లిప్పులు తెప్పించి బిగించాడు. కూలీతో కలిపి రెండు వేల ఎనిమిది వందలు.

ఇనుము సంగతేమో గానీ పాత ఇంజనులో రబ్బరు ముందు ముసలిదవుతుంది. వేడికీ జిడ్డుకూ గట్టిపడి పగులుతుంది. ఆ తర్వాత మిగతా హోసులన్నీ ఒకేసారి మార్పించాను. ఇప్పుడు ఆయిలు మార్చిన ప్రతిసారీ వాటి కింద చెయ్యి పెట్టి తడుముతాను. పొద్దున స్టార్ట్ చేయగానే రేజ్ చేయను, ఆయిలు పైదాకా చేరనిస్తాను. టాప్ గేరులో మరీ నెమ్మదిగా ఉన్నప్పుడు తొక్కి లాగించను, గేరు దించుతాను. చెప్పుకోవడానికి పెద్ద విద్యలేమీ కావివి. మానకుండా చేయడమే కష్టం.

పొగ విషయంలో మాత్రం అన్నతో వాదించలేను. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని ఆదేశించింది. దానికి కారణం ఊరికే పుట్టలేదు. నాయిన జ్ఞాపకమని నేను నడుపుకుంటుంటే వెనక బైకు మీద వచ్చేవాడు దగ్గడం న్యాయం కాదు. అందుకని నాకు నేనే ఒక గీత గీసుకున్నాను. పొగ పరీక్షలో తప్పి, మరమ్మతుతో కూడా తగ్గని రోజున బండిని తుక్కుకు ఇచ్చేస్తాను. ఆ రోజు ఇంకా రాలేదు.

హోసు మార్చాక అమ్మ బస్సెక్కలేదు. మూడుసార్లు ఇదే బండిలో వచ్చింది. మొదటి రెండుసార్లూ చిట్యాల రాగానే తలుపు పైనున్న పిడిని పట్టుకుంది. మూడోసారి చిట్యాల దాటేటప్పుడు నిద్రలో ఉంది.

ఈ ఏడాదితో ఆర్సీకి పదిహేనేళ్ళు నిండుతాయి. బండి ఫిట్‌గా ఉందని చూపించి ఫీజు కడితే ఇంకో ఐదేళ్ళు పొడిగిస్తారు. ఆ కాగితాలు సర్దుతుంటే అమ్మ అడిగింది, "ఐదేండ్లు నడుస్తదంటవా?"

"ఐదేండ్ల సంగతి నేను చెప్పలేనమ్మా. ఇప్పుడు ఆయిలు మార్చిన. ఇంకో అయిదు వేల కిలోమీటర్లదాకా చెప్పగలుగుత."

"మంచిదే తియ్" అంది అమ్మ. "నాకు మాత్రం ఆ డాక్టరు మూడు నెల్లకంటే ఎక్కువ ఏం చెప్తుండు?"